ఆరో పరుపు

నేను క్లబ్బు ప్రెసిడెంటుగా ఉన్న ఏడాది మా ఇంట్లో ఆరు గాలి పరుపులుండేవి. మా బావగారు మాత్రం దూది పరుపు మీదే పడుకున్నారు. ఈ రెండు ముక్కలూ చెబితే కథ అయిపోయినట్టే. కానీ నన్నెరిగినవాళ్లు దీన్ని తలా ఒక రకంగా చెప్పుకుంటున్నారు కాబట్టి నా నోటితో నేనే చెప్పడం మంచిది. నన్ను నేను వెనకేసుకు రావడానికి కాదు. వెనకేసుకు రావడానికి ఏమీ మిగల్లేదు.

మాది రెండంతస్తుల ఇల్లు. కింద మా తోడికోడలు, బావగారు. పైన మేము. మధ్యలో ఇంటి లోపలి నుంచే పద్నాలుగు మెట్లు. అన్నదమ్ములిద్దరిదీ ఒకే కళ్లజోళ్ల షాపు. అందరికీ కలిపి కిందే ఒక వంటిల్లు. నేను పంతొమ్మిదేళ్లకి ఆ ఇంటికి వచ్చేసరికి తాళాల గుత్తి మా తోడికోడలి దగ్గరుంది. పాతికేళ్లయినా అక్కడే ఉంది. నేను ఆమెను అక్కయ్యా అంటాను, ఆమె నన్ను పిల్లా అంటుంది. నాకు నలభై నాలుగేళ్లు వచ్చి, జుట్టుకు రంగు వేసుకోవడం మొదలుపెట్టాక కూడా పిల్లనే.

అక్కయ్య చెడ్డది కాదు. చెడ్డదైతే నాకెంత హాయిగా ఉండేదో. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు పదకొండు రోజులు మంచం పక్కనుంచి కదల్లేదు. దుప్పట్లు, మందులు, పిల్లల పుస్తకాలకి అట్టలు, ఏది కావాలన్నా ఆమె దగ్గరే ఉండేది. అడిగితే ఎప్పుడూ లేదనలేదు. అడక్కుండా ఎప్పుడూ ఇవ్వలేదు. నేను గుమ్మం దగ్గర నిలబడి నసుగుతుంటే, నాకేం కావాలో తెలిసి కూడా, "అడగందే అమ్మైనా పెట్టదు పిల్లా, నోరు విప్పు" అనేది నవ్వుతూ. ఇంట్లో అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. పాతికేళ్లు అలా నవ్వాను.

ఊళ్లో ఆడవాళ్ల సేవా క్లబ్బులో నన్ను చేర్పించిందీ ఆమే. నెలకో శనివారం బడి హాల్లో మీటింగు. అందరం నీలం బట్టలు వేసుకోవాలి. బల్ల మీద ఇత్తడి గంట ఉంటుంది. ప్రెసిడెంటు కొడితే మీటింగు మొదలు, మళ్లీ కొడితే ఆఖరు. మధ్యలో టీ, బిస్కెట్లు, ఎవరింట్లో ఎవరికి ఏమైందన్న చర్చ. సేవ చెయ్యలేదని కాదు. కళ్ల పరీక్షలు, రక్తదానాలు, బడి పిల్లలకి నోటుపుస్తకాలు, అన్నీ చేశాం. కానీ ఏది చేసినా ఫోటో ఉండాలి. ఫోటో లేని సేవకి క్లబ్బు జిల్లా శాఖవాళ్లు మార్కులు వెయ్యరు.

ఆరేళ్ల కిందట అక్కయ్య ప్రెసిడెంటుగా ఉన్నప్పుడు క్లబ్బుకి రెండు చక్రాల కుర్చీలు వచ్చాయి. పాపం, అవసరంలో ఉన్నవాళ్లు కదా అని ఆమె అవి వచ్చిన రోజే ఇచ్చేసింది. నెల తర్వాత జిల్లా అధ్యక్షురాలు చూడటానికి వచ్చేసరికి, తీసుకున్నవాళ్లలో ఒకరు ఊరు మారిపోయారు, ఇంకొకరు తలుపే తియ్యలేదు. "ఇంతకీ కుర్చీలు ఉన్నట్టా, లేనట్టా?" అని అడిగిందావిడ, స్టేజీ మీదే, మైకులో. ఆ రోజు అక్కయ్య ఇంటికొచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు. మర్నాడు క్లబ్బు పుస్తకంలో తన చేత్తో ఒక రూలు రాసింది. 'ముఖ్య అతిథి చేతుల మీదుగా తప్ప క్లబ్బు వస్తువు ఏదీ తాళం దాటి వెళ్లరాదు.' కింద మేమందరం సంతకాలు పెట్టాం. అప్పట్నుంచి క్లబ్బులో ఆమె పేరు రూల్సమ్మ.

నా పేరు ప్రతిపాదించింది కూడా రూల్సమ్మే.

"ఈ ఏడాది మా పిల్లకి అవకాశం ఇద్దామండీ. నోట్లో నాలుక లేని మనిషి, నాలుగు మాటలు నేర్చుకుంటుంది. పక్కన సెక్రటరీగా నేనుంటాగా," అంది. అందరూ చప్పట్లు కొట్టారు. ప్రెసిడెంటు గొలుసు నా మెడలో వేసింది ఆమే. నేను గంట కొట్టబోతుంటే నా మణికట్టు పట్టుకుని, "అలా కాదు పిల్లా, అంచు మీద కొట్టాలి," అంది. గంట మోగింది. కొట్టింది నేనో ఆమో నాకిప్పటికీ తెలియదు.

రెండు నెలలు గడిచాయో లేదో, బావగారు షాపులో ఒక పెద్దావిడకి కళ్లజోడు ఫ్రేము సరిచేస్తూ సరిచేస్తూ కూలబడిపోయారు. పక్షవాతం. తొంభై కిలోల మనిషి, కుడివైపంతా పడిపోయింది. మూడు వారాలు ఆసుపత్రిలో ఉంచి ఇంటికి పంపించారు. మాట ముద్దముద్దగా వచ్చేది గానీ వెటకారం మాత్రం ఎక్కడికీ పోలేదు. "ఇన్నాళ్లకి మీ అక్కయ్య చెప్పిన చోట పడి ఉన్నాను" అనేదే ఆయన నాతో అన్న మొదటి మాట.

సరిగ్గా అప్పుడే గాలి పరుపులు వచ్చాయి. ఆసుపత్రి సామాన్లు తయారుచేసే ఒక కంపెనీకి నేను నాలుగు ఉత్తరాలు రాశాను. నా ఉత్తరాలే, నా సంతకమే, అక్కయ్య చెయ్యి పడకుండా. ఆరు పరుపులు పంపించారు. మంచం పట్టినవాళ్లకి ఒళ్లు ఒరిసిపోకుండా, చిన్న మోటారుతో అందులో గాలి అటూ ఇటూ మారుతుంటుంది. బడి హాలు పైకప్పు బాగుచేస్తున్నారు కాబట్టి పెట్టెలు మా పై అంతస్తు ముందు గదిలో, కిటికీ కింద పేర్పించాను. అవసరమైనవాళ్ల లిస్టు రాశాం. ఆరో పేరు బావగారిది. క్లబ్బులో అందరూ ఒప్పుకున్నారు. ఎవరూ ఒక్క మాట అనలేదు.

మర్నాడు పొద్దున వంటింట్లో మా ఆయన అక్కయ్యతో, "వదినా, అన్నయ్యకి గాలి పరుపు ఒకటి చెప్పాను. సర్జికల్ షాపువాడు రేపు తెస్తానన్నాడు," అన్నారు.

"ఎందుకండీ దండగ?" అన్నాను నేను. "పైన ఆరున్నాయి. అందులో ఒకటి బావగారిదే. పది రోజుల్లో జిల్లా మేడమ్ వస్తున్నారు, ఆవిడ చేత్తో ఇప్పించేస్తాం."

మా ఆయన వాళ్ల వదిన వైపు చూశారు. ఆమె టీ వడపోస్తూ, తలెత్తకుండా, "ప్రెసిడెంటుగారు చెప్పాక ఇంకేముంది. పది రోజులేగా," అంది.

ఇంట్లో ఆమె నన్ను ప్రెసిడెంటుగారనడం అదే మొదలు. వెక్కిరింతో, నిజమో తెలియదు. నాకు మాత్రం ఆ టీ పంచదార లేకుండానే తియ్యగా ఉంది. మా ఆయన షాపువాడికి ఫోన్ చేసి వద్దని చెప్పేశారు.

పది రోజులూ అయ్యాయి. జిల్లా మేడమ్ కూతురికి పరీక్షలట, రెండు వారాలు వాయిదా వేశారు.

బావగారికి రోజు విడిచి రోజు ఒక నర్సమ్మ వచ్చేది. ఆ వారం ఆయన్ని పక్కకి ఒత్తిగిలించి, నడుం కింద ఎముక దగ్గర వేలు పెట్టి చూసింది. అక్కడ గుండీ అంత మేర చర్మం ఎర్రబడింది.

"ఇది పుండవుతుందండీ. గాలి పరుపు ఉంటే బాగుండేది. లేకపోతే రెండు గంటలకోసారి తిప్పుతూనే ఉండాలి."

"ఉంది," అన్నాం అక్కయ్యా నేనూ ఒకేసారి.

"ఉంటే వెయ్యరేం?"

అక్కయ్య దిండు సర్దింది. "ఇంకో పది రోజుల్లో వేస్తాం," అన్నాను నేను. నర్సమ్మ మా ఇద్దరి మొహాలూ చూసి, సంచి సర్దుకుని వెళ్లిపోయింది.

అప్పట్నుంచి అక్కయ్య రెండు గంటలకోసారి ఆయన్ని తిప్పేది. యాభై కిలోల మనిషి తొంభై కిలోల మనిషిని. మా ఆయన షాపు నుంచి మధ్యమధ్యలో వచ్చి సాయం పట్టేవారు. నేనూ పట్టాను, కాదనను. దుప్పటి చెరో కొసా పట్టుకుని ఆయన్ని లాగుతున్నప్పుడు మా మొహాలు రెండూ ఎదురెదురుగా, జానెడు దూరంలో ఉండేవి. మేము కూరగాయల గురించి మాట్లాడుకునేవాళ్లం.

ఒకరోజు మా ఆయన పైకొచ్చి పెట్టెల ముందు నిలబడ్డారు. "ఒక పెట్టె కిందకి దించితే మీ క్లబ్బు మునిగిపోతుందా?"

"రూలు మీ వదినగారిదే. ఆవిడొచ్చి ఒక్క మాట అడిగితే నిమిషంలో ఇస్తాను."

"నీ వరస అమ్మా పెట్టాపెట్టదు, అడుక్కు తినానివ్వదు అన్నట్టుంది. పోనీ నేనే కొనుక్కొస్తా."

"కొనండి. ప్రెసిడెంటు ఇంట్లోనే క్లబ్బు పరుపు మీద నమ్మకం లేదని ఊరంతా చెప్పుకుంటారు. ఇంక వారం రోజులు కూడా ఆగలేరా?"

ఆయనకి గొడవంటే పడదు. చెప్పులేసుకుని షాపుకి పోయారు.

నిజం ఇక్కడే చెప్పేస్తాను. నన్ను ఆపింది రూలు కాదు. ఫోటో కాదు, మార్కులు కాదు. అక్కయ్య ఆ పద్నాలుగు మెట్లూ ఎక్కి, నా గుమ్మం దగ్గర నిలబడి, నసుగుతూ, 'ఒకటివ్వవే పిల్లా' అని అడగాలి. అంతే. ఒక్కసారి. నేను నవ్వుతూ ఇచ్చేదాన్ని. ఆ నవ్వు ఎలా ఉండాలో కూడా అనుకుని పెట్టుకున్నాను.

ఆ శనివారం బడిలో ఒక తరగతి గదిలో పెట్టుకున్న మీటింగులో గంట కొట్టగానే అక్కయ్య లేచి, లిస్టులో రెండో పేరు మార్చాలంది. రెండో పేరు రిటైరైన ఒక బస్సు డ్రైవరుది. ఆయన పోయారని వాళ్లమ్మాయి ఫోన్ చేసిందట. అందరం ఒక నిమిషం నిలబడ్డాం. తర్వాత ఆయన స్థానంలో వెయిటింగులో ఉన్న ఒక దర్జీ తల్లి పేరు రాసుకున్నాం. అంత సులువుగా అయిపోయింది.

నేను గొంతు సవరించుకున్నాను. "విజిటు దాకా ఆగలేనివాళ్లు, మరీ అత్యవసరం ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. కమిటీ ఆలోచిస్తుంది."

ఇరవై మంది ఉన్నారు గదిలో. నేను ఒక్కరి వైపే చూస్తున్నాను. అక్కయ్య మినిట్సు పుస్తకం మీద పెన్ను పెట్టి, కదలకుండా ఉంది. ఆమె మెడ మీద నరం ఒకటి లేచింది. ఆయన్ని తిప్పీ తిప్పీ కుడి చేతికి కట్టు కట్టుకుంది, ఆ చేత్తోనే రాస్తోంది.

"రూలు ఉంది కదండీ ప్రెసిడెంటుగారూ," అంది చివరికి. "ఒకరి కోసం మారిస్తే అందరి కోసం మార్చాలి."

"అయితే సరే," అని గంట కొట్టాను. అంచు మీదే కొట్టాను.

విజిటు రెండోసారి వాయిదా పడింది. ఈసారి వానలు, రోడ్డు తెగిపోయిందన్నారు. బావగారి నడుం దగ్గర గుండీ అంత ఉన్నది అరచేతంత అయింది. ఎరుపు పోయి నలుపు వచ్చింది. గదిలోకి వెళితే మందుల వాసన వెనక ఇంకో వాసన ఉండేది.

ఒక మధ్యాహ్నం అక్కయ్య మందుల కోసం వెళ్తూ నన్ను ఆయన దగ్గర కూర్చోబెట్టింది. బావగారు పైకప్పు వైపు చూస్తున్నారు.

"అమ్మాయ్, పరుపులు సరిగ్గా ఎక్కడున్నాయి?"

"ముందు గదిలోనండి, కిటికీ కింద."

"అంటే సరిగ్గా నా నెత్తి మీదన్నమాట." ఎడమ చెయ్యి కొంచెం లేపి చూపుడు వేలితో పైకి చూపించారు. "పైన ఆరు పరుపులు. కింద నేను. మధ్యలో ఇద్దరాడాళ్లు. ఎంత మంచి కంపెనీదైనా ఇంత ఎత్తు నుంచి పనిచెయ్యదమ్మాయ్."

నేను నవ్వాను. ఆయనా సగం మొహంతో నవ్వారు. నవ్వుతుంటే కళ్ల వెంట నీళ్లు వచ్చాయి నాకు.

"మీరడగండి బావగారూ. మీరు ఊఁ అంటే ఇప్పుడే తెచ్చేస్తాను."

"నేనడిగితే మీ అక్కయ్య ఊరుకోదు. నాకు ఒళ్లు తుడిచేది ఆవిడ, నువ్వు కాదు." కాసేపు ఊపిరి తీసుకున్నారు. "ఇద్దర్లో ఎవరో ఒకరు ఓడిపోండి. నేనెవరికీ చెప్పనులే."

అక్కయ్య తిరిగి వచ్చింది. నేను పైకి వెళ్లాను. సొరుగులోంచి కత్తెర తీసి, ఆరో పెట్టె ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. టేపు మీద కత్తెర మొన పెట్టి బెత్తెడు మేర కోశాను.

అప్పుడు మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది.

అక్కయ్య అడుగులు నాకు తెలుసు. ఎడమ మోకాలు నొప్పి, ఒక అడుగు బరువుగా, ఒకటి తేలిగ్గా. లెక్కపెట్టాను. ఏడో మెట్టు మీద ఆగింది. నేను కత్తెర పట్టుకుని, ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. ఇంకో ఏడు మెట్లు అక్కయ్యా. ఏడంటే ఏడు. నువ్వు గుమ్మంలోకి రా, నోరు తెరవక్కర్లేదు, నిలబడు చాలు, నేనే పెట్టె ఎత్తి నీ చేతిలో పెడతాను. అలాగే అనుకున్నాను, నిజంగానే అనుకున్నాను. ఎంతసేపు ఆగిందో తెలియదు. తర్వాత అడుగులు కిందికి దిగిపోయాయి.

నేను లేచి కత్తెర సొరుగులో పెట్టేశాను. కోసిన చోట దాని మీదే ఇంకో టేపు అంటించాను.

పరుపులు వచ్చిన ముప్పై ఒకటో రోజున జిల్లా మేడమ్ వచ్చారు. హాలుకి కొత్త పైకప్పు, స్టేజీ మీద పూలు, మైకు. అక్కయ్య నీలం బట్టల్లో, కట్టు విప్పేసి, సెక్రటరీగా నివేదిక చదివింది. నా పేరు వచ్చిన చోటల్లా 'గౌరవనీయ అధ్యక్షురాలు' అని ఆగి ఆగి చదివింది. కాగితం మడిచి బల్ల మీద పెట్టి, స్టేజీ దిగి, తీసుకునేవాళ్ల వరసలో ఆరో మనిషిగా వెళ్లి నిలబడింది.

ఒక్కొక్కరినే పిలిచారు. ఒక్కొక్కరికీ మేడమ్ పెట్టెని ఒక పక్క, నేను ఒక పక్క పట్టుకుని అందించడం, ఫోటోగ్రాఫరు "ఇటు చూడండి" అనడం. అక్కయ్య వచ్చింది. మేడమ్‌కి ఆమె ఇందాక నివేదిక చదివిన మనిషన్న సంగతి కూడా గుర్తులేదు.

"ఎవరికమ్మా ఇది?"

"మా ఆయనకండి."

"చాలా సంతోషం. జాగ్రత్తగా వాడుకోండి, ఏం?"

"అలాగేనండి."

ఫోటోగ్రాఫరు కొంచెం నవ్వమన్నాడు. అక్కయ్య చేతులు పెట్టె మీద పడ్డాయి. వేలు ఆ రెండో టేపు దగ్గర ఆగింది. దాని కింద కోసిన గీత వెంట మెల్లగా చివరి దాకా జరిగింది. తలెత్తి నా వైపు చూసింది. ఆమెకి అర్థమైంది. ఆమెకి అర్థమైందని నాకూ అర్థమైంది. ఫోటో పడింది. అందులో ఇద్దరం నవ్వుతూనే ఉన్నాం.

ఆ సాయంత్రమే మా ఆయన పరుపు పరిచి మోటారు పెట్టారు. నర్సమ్మ పుండు మీది కట్టు విప్పి చూసి, కొత్తది వేసింది.

"ఇప్పుడు తగ్గిపోతుందా అమ్మా?" అన్నాను.

"ఈ పరుపు పుండు మానడానికి కాదండీ," అంది. "పడకుండా ఉండటానికి."

రెండో రోజున జ్వరం మొదలైంది. ఐదో రోజున ఆసుపత్రికి తీసుకెళ్లారు. పుండు ఎముక దాకా వెళ్లిందని, విషం రక్తంలో కలిసిందని చెప్పారు డాక్టరు. తొమ్మిదో రోజున బావగారు పోయారు. ఇంట్లో మోటారు ఆపడం ఎవరికీ గుర్తులేదు. ఆసుపత్రి నుంచి వచ్చేసరికి ఖాళీ పరుపు ఒక పక్క పొంగుతూ, ఒక పక్క తగ్గుతూ ఉంది.

అక్కయ్య నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేది. జుట్టు పట్టుకుని పద్నాలుగు మెట్లూ ఈడ్చినా కిక్కురుమనేదాన్ని కాదు. ఆమె చేసిందల్లా నన్ను మీరు అనడం. "మీరు భోంచేశారా?" "మీకేమైనా కావాలా?" నెల తిరక్కుండా పైన నాకు వేరే స్టవ్వు వచ్చింది. ఎవరు తెప్పించారో అడగలేదు. మా ఆయన షాపులో అన్న కుర్చీ అలాగే ఉంచి, పక్కన స్టూలు మీద కూర్చుంటున్నారు. నాతో ఆయన మాట్లాడేది ఇంటి అవసరాల గురించే. బయటి నుంచి మెట్లు కట్టించాలని తాపీమేస్త్రీని పిలిచి కొలతలు కూడా తీయించారు.

అక్కయ్య సెక్రటరీ పని మానలేదు. నీలం బట్టల్లో వచ్చి, నా పక్క కుర్చీలో కూర్చుని, గుండ్రటి అక్షరాలతో మినిట్సు రాసింది ఏడాది ఆఖరు దాకా. పరుపుల కార్యక్రమానికి జిల్లాలో మొదటి బహుమతి వచ్చింది. షీల్డు ఇచ్చారు. జిల్లా పుస్తకంలో రంగుల్లో ఒక పేజీ నిండా వేసిన ఫోటో మాదే, అక్కయ్యా నేనూ మేడమూ, మధ్యలో ఆరో పెట్టె. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను రచ్చ గెలిచి వచ్చాను. షీల్డు ముందు గదిలో కిటికీ కింద పెట్టాను. అక్కడే ఖాళీ ఉంది.

ఆఖరి మీటింగులో గొలుసు తీసి కొత్త ప్రెసిడెంటు మెడలో వేశాను. ఆవిడ గంట తప్పుగా కొట్టింది. నేనేమీ చెప్పలేదు.

మర్నాడు పొద్దున మెట్ల మీద అడుగులు వినిపించాయి. ఒకటి బరువుగా, ఒకటి తేలిగ్గా. ఏడో మెట్టు దాకా లెక్కపెట్టాను. అడుగులు ఆగలేదు. పద్నాలుగూ ఎక్కి, అక్కయ్య నా గుమ్మం దగ్గరకొచ్చి నిలబడింది. చేతుల్లో ఆ పెట్టె. పరుపు కడిగి, ఆరబెట్టి, మడతలు సరిగ్గా పెట్టి, మోటారు వైరు చుట్టి రబ్బరుబ్యాండు వేసి పెట్టింది. పెట్టె మీద ఆ రెండో టేపు అలాగే ఉంది.

"లోపలికి రండి అక్కయ్యా," అన్నాను. నా నోట్లోంచి కూడా మీరే వచ్చింది.

రాలేదు. అక్కడే నిలబడి, మెల్లగా, మాటలు వెతుక్కుంటున్నట్టు అంది. "ఇది వెనక్కిద్దామని. ఎవరికైనా అవసరం ఉంటుంది కదా. ఇచ్చేటప్పుడు ఎవరి చేతుల మీదుగా ఇవ్వాలో రాశాను గానీ, తిరిగిచ్చేటప్పుడు ఎవరి చేతికివ్వాలో రాయలేదండీ ఆ రూల్లో."

"నేనిప్పుడు ప్రెసిడెంటుని కాదక్కయ్యా."

"తెలుసు. అందుకే అడుగుతున్నాను," అంది. "మీకివ్వచ్చా?"

నేను రెండు చేతులూ చాచాను. అనుకుని పెట్టుకున్న నవ్వు ఎక్కడా దొరకలేదు. ఆమె పెట్టె నా చేతుల్లో పెట్టి, గోడ పట్టుకుని, ఒక్కొక్క మెట్టే దిగి వెళ్లిపోయింది. ఆ ఇంట్లో నాకు పాతికేళ్లు. ఆమె నా గుమ్మంలో నిలబడి నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి.